మారియస్ మేస్త్రీ గోడలు

బుధవారం బడికి సెలవు కాబట్టి బడి పిల్లలకు వండిపెట్టే గిలెన్‌కీ సెలవే. శనివారం మామగారు సామానుతో సహా వచ్చేస్తున్నాడు. ఆయన గదిలో గోడలకు కాగితం అంటించే పని ఆ పూటతో తెమిల్చేద్దామని పొద్దున్నే జిగురు కలుపుకుని, పాత ఏప్రన్ కట్టుకుని గదిలోకి వెళ్లింది. మిగిలింది తలుపు పక్క చిన్న ముక్కే. అది అంటించి వెనక్కి తిరిగేసరికి, పడమటి గోడకు నెల కిందట తానే అంటించిన లేతనీలం కాగితం మోకాళ్ల ఎత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా పొంగి కనిపించింది.

అరచేత్తో అదిమింది. చల్లగా, మెత్తగా తగిలింది. జిగురు ఊడిందేమో అనుకుని, ఏప్రన్ జేబులోంచి దుంపలు చెక్కే చాకు తీసి కాగితాన్ని నిలువుగా కోసింది. కాగితం వెనక గోడ నల్లబడి ఉంది. చాకు మొన ఆనించి కొంచెం నొక్కిందో లేదో, పిడి దాకా దిగిపోయింది. లాగితే దాని వెంట తడిమట్టి వచ్చింది. గిలెన్ చాకు తుడుచుకుని జానెడు పక్కన గుచ్చి చూసింది. అక్కడా అంతే. కిటికీ పక్కనుంచి మూల దాకా గుచ్చుకుంటూ పోయి, మూల దగ్గర చతికిలబడింది.

బయటికి వెళ్లి చూస్తే అంత అందమైన గోడ ఆ పల్లెలో ఇంకోటి లేదు. నున్నగా, బూడిదరంగులో, గీత గీసినట్టు నిలబడి ఉంది. కిందటేడు వేసవిలో మామగారు మారియస్ డెబ్బై ఏడేళ్ల వయసులో కర్రలు కట్టించుకుని, పైకెక్కి, తన చేత్తో తాను సిమెంటు పూసిన గోడ అది. పడమటి గోడ అయ్యాక తూర్పు గోడ పూశాడు. అంతటితో ఆగలేదు. గోడల అడుగున వాన చిమ్మకుండా ఇంటి చుట్టూ రెండు అడుగుల వెడల్పున సిమెంటు గట్టు పోశాడు. కొడుకూ కోడలూ ఇల్లు కొనుక్కున్నందుకు ఆ ముసలాయన ఇచ్చిన కానుక అది. కూలి తీసుకోలేదు సరికదా, ఇసుక కూడా తనే తోలించాడు.

మా ఫోరే మైదానంలో పాత ఇళ్లన్నీ మట్టివే. మోకాలెత్తు వరకు ఏటి రాళ్లు పేర్చి, ఆ పైన పలకల మధ్య మట్టి పోసి దిమ్మిసలతో దట్టించి లేపిన గోడలు. మూరెడున్నర మందం ఉంటాయి. అందరూ ఆ ఇళ్లలో పుట్టినవాళ్లే, అందరికీ ఆ మాట చెప్పుకోడానికి నామోషీయే. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన రోజుల్లో ఎవరికి వారు మట్టి కనపడకుండా సిమెంటు పూయించుకున్నారు. అందులో సగం ఇళ్లకు పూసింది మారియసే. ఈ ఇల్లు చూడటానికి మొదటిరోజు వచ్చినప్పుడు కూడా ఆయన వేలి కణుపుతో గోడను కొట్టి, "మట్టి. ఫరవాలేదు, కోటు వేస్తే మనుషుల ఇల్లవుతుంది" అన్నాడు.

ఇల్లు నచ్చింది గిలెన్‌కి. అందులో దాపరికం లేదు. ఇరవై రెండేళ్లు సంతవీధిలో అద్దె వాటాలో, పైవాళ్ల అడుగుల చప్పుడు వింటూ బతికిన మనిషి. ఈ ఇంట్లో అడుగుపెట్టగానే చెవులకు హాయిగా అనిపించింది. ధర చవక అనిపించింది. చవక ఇల్లు ఎంత తింటుందో తర్వాత తెలిసింది. రిజిస్ట్రేషనుకు నోటరీ ఖర్చులు అనుకున్న దానికంటే ఎక్కువయ్యాయి. పాత మురుగు గుంత పనికిరాదని, కొత్తది తవ్వించుకోమని పంచాయతీవాళ్లు వచ్చి చెప్పిపోయారు. పైకప్పు పెంకులు దించితే కింద దూలాలకు పురుగు పట్టి ఉంది. ఈ ఇంటికి చేసిన పనుల్లో గిలెన్‌కి దిగులు కలిగించని పని ఒక్కటే, మామగారు ఉచితంగా పూసిన గోడలు.

పక్కింటి తొనీన్‌కి ఎనభై దాటాయి. గుడ్ల కోసమన్నట్టు ఆమె ఇంటికి వెళ్లి, మాటల్లో పెట్టి, కొన్నేళ్ల కిందట ఆమె పశువుల కొట్టం ఎందుకు కూలిందని అడిగింది గిలెన్. తొనీన్ కోళ్ల దాణా కలుపుతూ తల ఎత్తలేదు.

"ఎందుకేంటి. సిమెంటు పూయించాం. రెండు చలికాలాలు ఆగింది. మూడో ఏడు ఆవు మోకాళ్లు మడిచినట్టు మడిచి కూర్చుంది."

"సిమెంటుకి గోడ ఎందుకు కూలుతుంది పెద్దమ్మా?"

"మట్టికి కింద నుంచి నీళ్లెక్కుతాయి అమ్మాయ్. గోడ ఒళ్లంతా చెమట పోస్తుంది. దానికి రబ్బరు కోటు తొడిగి గుండీలు పెడితే ఆ చెమట ఎటు పోతుంది?"

"పూసిందెవరు?"

"ఈ చుట్టుపక్కల పూసేవాడు ఇంకెవడున్నాడు?" తొనీన్ చేతులు దులుపుకుంది. "మా ఆయన మంచాన పడ్డ ఏడాది వచ్చి, చిల్లిగవ్వ తీసుకోకుండా పూసి వెళ్లాడు. అలాంటి మనిషి మొహం మీద, నువ్వు పూసినందుకే కూలిందని ఎలా అనమంటావ్? మట్టి పాతదైపోయిందన్నాం. అందరూ అదే అన్నారు. ఆయనా అదే నమ్మాడు."

మరి మా ఇంటికి పూస్తుంటే చూస్తూ ఎందుకు ఊరుకున్నావని అడిగింది గిలెన్. నువ్వు అడగలేదుగా, అంది తొనీన్. అని, లోపలికి పోయి, అడిగిన వాటికంటే రెండు గుడ్లు ఎక్కువ పెట్టి ఇచ్చింది.

గిలెన్ భర్త రెజిస్ పాల ట్యాంకరు తోలతాడు. తెల్లవారకముందు పోయి మధ్యాహ్నానికి వస్తాడు. ఆరోజు అన్నం కూడా తిననివ్వకుండా గదిలోకి తీసుకెళ్లింది. అతను వంగి, కోసిన కాగితంలోంచి వేలు పెట్టాడు. వేలు రెండో కణుపు దాకా పోయింది. తీసి చూసుకుని, ప్యాంటుకు తుడుచుకుని, కింద నేలవైపు చూశాడు. పాత మట్టినేల మీద కాంక్రీటు పోసింది అతనే. నేలలోంచి లేచే చెమ్మకు ఆ దారి కూడా మూసేసింది తానేనని అతనికి అర్థమైనట్టుంది.

"నాన్నకి మాత్రం చెప్పకు."

"గోడ కూలేలా ఉంది రెజిస్."

"తెలుసు. ఆదివారం దుంగలు తెచ్చి లోపలినుంచి ఊతాలు పెడదాం. నేల పని కొంచెం మిగిలిందని చెప్పి నాలుగు రోజులు హాల్లో పడుకోబెడదాం. తర్వాత ఎవర్నైనా పిలిచి చూపిద్దాం." గొంతు తగ్గించాడు, ముసలాయన పక్కగదిలో ఉన్నట్టు. "అమ్మ పోయాక ఆయన సంతోషంగా చెప్పుకున్న మాట ఆ గోడ గురించి ఒక్కటే. కాఫీ హోటల్లో అందరికీ చెప్పుకున్నాడు. అది కూడా లాగేసుకుంటామా?"

చెప్పనని మాటిచ్చింది గిలెన్. మామగారంటే ఆమెకూ ఇష్టమే. అదే వచ్చిన చిక్కు.

గురువారం బడి వంటశాలలో గిన్నెలు కడిగే వేళ, బీమా కంపెనీకి ఫోను చేసింది. అటుపక్క అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. గోడ పని ఎవరు చేశారు, బిల్లు ఉందా అని అడిగింది. మా మామగారు, బిల్లు లేదు అని చెప్పింది గిలెన్. కంపెనీ మేస్త్రీ చేసిన పనికైతే పదేళ్ల పూచీ ఉంటుందని, ఇంట్లోవాళ్లు చేసుకున్న పనికి ఏమీ ఉండదని ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. అమ్మదలచుకుంటే ఆ సంగతి కొనేవాళ్లకు కూడా చెప్పాల్సి ఉంటుందని, అడక్కుండానే ఇంకో మాట కలిపింది. గిలెన్ థాంక్స్ చెప్పి ఫోను పెట్టేసి, మిగిలిన గిన్నెలు కడిగింది. ఉచితంగా దొరికినదాని ఖరీదు ఆమెకు అప్పుడు తెలిసింది. బ్యాంకుకు ఇంకా ఇరవై ఏళ్లు కట్టాల్సిన ఇల్లు అది.

నవంబరు మొదట్లో సర్వపునీతుల పండగ నాడు మొదలైన వాన ఇంకా వదల్లేదు. శుక్రవారం బడి నుంచి వస్తుంటే ఇంటి ముందు మారియస్ పాత వ్యాను కనిపించింది. ఒకరోజు ముందే వచ్చేశాడు. ఇనప మంచం, పరుపు దింపి గదిలో పడమటి గోడ పక్కనే వేసేసుకున్నాడు. మంచం తల కిటికీ కింద. పనిముట్ల సంచి మంచం కాళ్ల దగ్గర పెట్టబోయి, మనసు మార్చుకుని వంటింట్లో మూలన పెట్టాడు. చినిగిన కాగితం ఆయన కంట పడకుండా గిలెన్ ముందురోజే బీరువా అడ్డం జరిపి ఉంచింది కాబట్టి సరిపోయింది.

"మంచి గది" అన్నాడు. "చలి తెలీడంలేదు. గోడ బాగుంటే చలి రాదు."

గిలెన్ ఔనన్నట్టు తలూపింది. ముసలాయన మొహం అలసటతో పాలిపోయి ఉంది. పరుపు ఒక్కడే మోసినట్టున్నాడు. మంచం వేసేసుకున్నాక నేల పని మిగిలిందని చెప్పే వీలు లేకపోయింది.

"కాసేపు నడుం వాలుస్తానమ్మాయ్."

"ముందు దుంపలు చెక్కిపెట్టండి మామయ్యా. రాత్రికి మీగడ దుంపల పాటియా చేస్తాను."

"లేచాక చెక్కుతానులే."

"ఎంతసేపు ఉడకాలో మీకు తెలీదా? మీగడలో అది మెల్లగా ఉడక్కపోతే మీరే వంక పెడతారు. నాకు మణికట్టు లాగేస్తోంది."

మారియస్ గొణుక్కుంటూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన దుంప చెక్కే తీరు కూడా మేస్త్రీ తీరే. తొక్క తీయడం కాదు, దుంపను చదరం చేస్తాడు. గిలెన్ ఎదురుగా కూర్చుని బిళ్లలు కోస్తోంది. ఆయన ఒకటి పూర్తి చేయగానే ఇంకో నాలుగు ఆయన ముందు పోస్తోంది. దుంగలు మాట్లాడటానికి వెళ్లిన రెజిస్ ఈలోగా వచ్చేస్తే ఏదో ఒకటి చేస్తాడని, గడియారం వంకా వాకిలి వంకా చూస్తోంది.

"ఊరందరికీ పెడుతున్నావా ఏంటి?" అన్నాడు మారియస్. "ముగ్గురం తినేదానికి ఇన్ని దుంపలా?"

"రేపటికి కూడా ఉంటాయి."

"పాటియా రెండోరోజు తినేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను. ఇంక నావల్ల కాదు, వెళ్లి పడుకుంటాను."

లేవడానికి బల్ల మీద చెయ్యి ఆనించాడు. గిలెన్ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. అలా ఎన్నడూ వేయలేదు. ఇద్దరికీ ఇబ్బందిగానే అనిపించింది. ఇంకొక్క నాలుగు చెక్కి పొండి మామయ్యా, అని బతిమాలింది. ఏమనుకున్నాడో ఏమో, ముసలాయన మళ్లీ కూర్చుని చాకు అందుకున్నాడు.

చప్పుడు పెద్దదేమీ కాదు. ట్రాక్టరు తొట్టి ఎత్తి ఇసుక ఒంపినట్టు వినిపించింది. తర్వాత ఇనుము వంగిన కీచుమన్న శబ్దం ఒకటి. వంటింటి తలుపు కింద నుంచి చల్లటి గాలి వచ్చి కాళ్లకు తగిలింది.

తలుపు తీసింది మారియసే. కిటికీ నుంచి మూల దాకా గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట పొలం, పొలం మీద వాన కనిపిస్తున్నాయి. మంచం కనిపించలేదు. తలగడ ఒక మూల మాత్రం మట్టిలోంచి పైకి ఉంది. పైన దూలం కొస దేని మీదా ఆనకుండా వేలాడుతోంది. ముసలాయన చేతిలో సగం చెక్కిన దుంప అలాగే ఉంది. ఆ మట్టికుప్పను చూస్తూనే, "మట్టి" అన్నాడు.

గిలెన్‌కి ఆయన బతికి ఉన్నాడన్న సంతోషం ఒకపక్క, ఆ ఒక్క మాట విన్నందుకు కడుపుమంట ఒకపక్క. రెండూ నోట్లోనే మింగి, వెళ్లి రెజిస్‌కి ఫోను చేసింది.

శనివారం పొద్దున్నే పల్లె మొత్తం వచ్చింది. పిలవాల్సిన పని లేదు, మా వైపు అలాగే వస్తారు. దుంగలు, జాకీలు తెచ్చి ముందు దూలాన్ని నిలబెట్టారు. టార్పాలిన్లు కట్టారు. పారలతో మట్టి ఎత్తి, ఒంటిచక్రం బండ్లతో పెరటి చివర పోశారు. మారియస్‌ని కూర్చోమన్నా కూర్చోలేదు. ఒక మంచి మాట చెప్పని మనిషి లేడు. మట్టి ఇల్లు ఎప్పటికైనా అంతేనన్నారు. నువ్వు కోటు వేయబట్టి ఈ మాత్రం ఆగిందని ఆయన భుజం తట్టారు.

మధ్యాహ్నం అందరికీ గిలెన్ పాటియా వడ్డించింది. నిన్నటి దుంపలన్నీ అక్కరకొచ్చాయి. సాసేజిలు, జున్ను, ఎర్ర వైను పెట్టింది. వైను రెండో గ్లాసు దగ్గర ఎవరో నవ్వుతూ, చూసి చూసి మట్టి ఇల్లు ఎలా కొన్నావు రెజిస్ అని అడిగారు.

"గిలెన్‌కి నచ్చింది" అన్నాడు రెజిస్, ప్లేటులోకి చూస్తూ. "నేను సిమెంటు బ్లాకుల ఇల్లు చూద్దామనే అన్నాను."

అందరూ గిలెన్ వైపు చూశారు. కోపంగా కాదు, జాలిగా. తొనీన్ వైపు చూసింది గిలెన్. తొనీన్ రొట్టెముక్కతో ప్లేటు తుడుస్తూ, "పాత మట్టి" అంది. గిలెన్ గిన్నె పట్టుకుని అలాగే నిలబడి, ఇంకెవరికి కావాలని అడిగింది. రెజిస్ మీద ఆమెకు ఆ క్షణంలో పుట్టిన అసహ్యం పెళ్లైన ఇన్నేళ్లలో ఎప్పుడూ పుట్టలేదు.

మారియస్ వైను తాగి కొంచెం తేరుకున్నాడు. సోమవారం బ్లాకులు తెప్పిస్తానన్నాడు. పడమటి గోడ తానే దగ్గరుండి కట్టిస్తానన్నాడు. ఇక తూర్పు గోడ విషయం, దాని మీద ఇంకో కోటు మందంగా వేస్తే చుక్క నీరు దిగదన్నాడు. తూర్పు గోడ గిలెన్, రెజిస్ పడుకునే గదిది.

భోజనాలయ్యాక ఆమె తొక్కలు పారబోయడానికి పెరట్లోకి వెళ్లేసరికి మారియస్ ఒక్కడే మట్టికుప్ప దగ్గర ఉన్నాడు. తలుపు రెక్కంత సిమెంటు పలక ఒకటి విరక్కుండా పడి ఉంది. ఆయన దాన్ని అంచు పట్టుకుని ఎత్తి తిరగేశాడు. నున్నటి వైపు పొడిగా ఉంది. లోపలివైపు అరంగుళం మందాన మట్టి అంటుకుని, దాని మీద నీళ్లు, ఉడుకుతున్న గిన్నె మూతకు పట్టినట్టు పట్టి ఉన్నాయి. ఆయన బొటనవేలితో రాశాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అప్పుడు తలెత్తి పెరట్లోంచి కనిపించే ఇళ్లను ఒక్కొక్కటిగా చూశాడు. తొనీన్ కూలిన కొట్టం దగ్గర ఆయన చూపు ఆగింది. తర్వాత కాలెత్తి బూటుతో పలక మధ్యలో తొక్కాడు. అది నాలుగు ముక్కలైంది. ముక్కల్ని మళ్లీ తొక్కాడు. పక్కకు తిరిగేసరికి గిలెన్ నిలబడి ఉంది.

"నువ్వు చూశావా?" అన్నాడు.

"బుధవారమే చూశాను."

ఆయనకు బల్ల మీద కుప్పపోసిన దుంపలు గుర్తొచ్చినట్టున్నాయి. ఆ మాట మీదకు మాత్రం రాలేదు.

"రెజిస్‌కి చెప్పకు" అన్నాడు.

గిలెన్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మరి తూర్పు గోడ మామయ్యా?"

"అది ఆగుతుంది. అటు వాన తక్కువ. నేనున్నన్నాళ్లు ఆగుతుంది." కళ్లు దించుకున్నాడు. "ఆ తర్వాత మీ ఇష్టం."

తూర్పు గోడ పక్కన తల పెట్టుకుని నేను పడుకుంటున్నాను కదా అని ఆమె అనలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు.

ఆదివారం వాన తెరిపిచ్చింది. ప్రార్థన అయి అందరూ ఇళ్లకు చేరే వేళకు గిలెన్ వంటింటి మూల నుంచి మామగారి పనిముట్ల సంచి తీసి, అందులోంచి ఉలి, సుత్తి ఏరుకుని తూర్పు గోడ దగ్గరికి వెళ్లింది. నడుమెత్తున ఉలి ఆనించి కొట్టింది. మొదటి దెబ్బలకు తెల్లటి గీత పడింది, అంతే. నాలుగు దెబ్బలకు పెచ్చు లేచింది. లోపల మట్టి నల్లగా ఉంది, కానీ వేలు దిగలేదు. ఇంకా ప్రాణం ఉంది.

ఆ చప్పుడుకు పల్లె పల్లే బయటికి వచ్చింది. తొనీన్ కోళ్లదడి దగ్గర నిలబడింది. నిన్న దుంగలు మోసిన మగవాళ్లు రోడ్డు మీద ఆగారు. రెజిస్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావ్? నాన్న లోపలే ఉన్నాడు. వింటున్నాడు."

ఒకరికి తెలియకుండా ఒకరు చెప్పొద్దన్న మాట గుర్తుంది ఆమెకు. రోడ్డు దాకా వినపడేలా చెప్పింది. "నాకు ఈ రంగు నచ్చలేదు."

రోడ్డు మీద ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మామగారు ముసలితనంలో ఒళ్లు హూనం చేసుకుని పూసిన గోడను, ఇల్లు కూలిన మూడోరోజునే, రంగు నచ్చలేదని పగలగొడుతున్న కోడలు. మంగళవారం రొట్టెల బండి వచ్చేసరికి ఈ మాట పక్క పల్లెలకు కూడా చేరుతుందని గిలెన్‌కి తెలుసు. తాను పోయినా ఆ మాట పోదనీ తెలుసు. రెజిస్ చెయ్యి వదిలేశాడు.

అప్పుడు తూర్పు పడకగది కిటికీ తెరుచుకుంది. మారియస్ తల బయటపెట్టి, పెచ్చు లేచిన చోటు చూశాడు, కొడుకును చూశాడు, రోడ్డు మీది జనాన్ని చూశాడు.

"నీ పెళ్లానికి ఏదీ నచ్చదురా" అన్నాడు కొడుకుతో, గట్టిగా.

రోడ్డు మీద నలుగురూ నిట్టూర్చి, తలలు ఆడించి కదిలారు. రెజిస్ కూడా ఇంట్లోకి పోయాడు. ముసలాయన కిటికీ రెక్క లాక్కుంటూ ఆగాడు. గోడను చూస్తూనే, ఆమెకు మాత్రం వినపడేలా అన్నాడు.

"పైనుంచి కొట్టుకురా అమ్మాయ్. కింద నుంచి కొడితే పలకంతా ఊడి నీ మీద పడుతుంది."

కిటికీ మూసుకుంది. ఆయన బయటికి వస్తాడేమోనని గిలెన్ కాసేపు చూసింది. రాలేదు. పెరట్లో తమ సామాన్ల కొట్టులోంచి నిచ్చెన ఈడ్చుకొచ్చి గోడకు వేసుకుంది. పైనుంచి అయితే పల్లెలో ప్రతి వాకిట్లోకీ తాను కనిపిస్తుంది. ఉలి, సుత్తి నడుముకు దోపుకుని ఎక్కింది.